కసిరితే కరవబోయిన కుక్క... ఓపికతో దారికొచ్చింది!

రేణిగుంట: తెల్లవారుజాము అయిదు గంటలు. స్టేషను వైపు నుంచి గూడ్సు బండి కూత. పట్టాలకు దగ్గరలో ఉన్న ఆ పెంకుటింటి వాకిట్లో ఒక పెద్దామె కసువు ఊడుస్తోంది. గడపకు ఆనుకుని గోధుమరంగు ఊరకుక్క ఒకటి ముందుకాళ్లు చాపి పడుకుని ఉంది. చీపురు దాని ముక్కుకు జానెడు దూరంలో కదిలినా ఒక చెవి ఆడించి మళ్లీ కళ్లు మూసుకుంది.

చూసేవారికి ఇందులో వింతేమీ కనిపించదు. కాని వచ్చిన కొత్తలో ఇదే కుక్క చీపురు కంటబడితే మంచం కిందికి దూరి పళ్లు చూపేది. అన్నం గిన్నె దరిదాపులకు ఎవరు వెళ్లినా మీదికి దూకేది. సైకిలు కనిపిస్తే తాడు తెంపుకునేది. "దీన్ని ఊరి బయట వదిలేసి వస్తారా, మమ్మల్నే ఏదో ఒకటి చేయమంటారా?" అంటూ వీధి వీధంతా ఆ ఇంటి ముందు నిలబడిన రోజు కూడా ఉంది.

కుక్క తోక వంకర అంటారు. తోక వంకర తీయడం ఎవరి తరమూ కాదు, నిజమే. కాని భయంతో వంకరపోయిన బుద్ధిని ఓపికతో సరిచేయవచ్చని ఈ ఇంటివారు చేసి చూపారు. వారు పడ్డ పాట్లు, చేసిన తప్పులు, దిద్దుకున్న తీరు తెలుసుకుంటే కుక్కను పెంచుకునేవారికే కాదు, పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

తోటలో గొలుసు... స్టేషనులో ఆకలి

ఇంటి యజమాని రైల్వేలో పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. గూడూరు, గుంతకల్లు, అరక్కోణం, తిరుపతి... ఇలా నాలుగు దిక్కులకు పట్టాలు చీలే ఈ జంక్షనులో ఏళ్ల తరబడి ఎర్ర జెండా, పచ్చ జెండా పట్టిన మనిషి. "నా పేరు యాడా రాయొద్దు నాయనా. రాసేదుంటే దాని పేరు రాసుకో" అన్నారు.

దాని పేరు గార్డు. రైలు చివరి పెట్టెలో ఉండే గార్డు హోదాను 2022లో రైల్వేశాఖ ‘ట్రెయిన్ మేనేజర్’గా మార్చింది. "మా కాలం పేరు ఊరికే పోతా ఉండాదే అనేసి దీనికి పెట్టుకున్నాం. అదీ గాక ఎప్పుడూ నా వెనకాలే వస్తా ఉండింది, కడాపెట్టె మాదిరి" అని నవ్వారాయన.

ఒక మామిడి కాపు ముగిసిన రోజులవి. తెల్లవారి టీ తాగడానికి స్టేషను వైపు వెళ్లిన ఆయనకు బంకు పక్కన ఈ కుక్క కనిపించింది. డొక్కలు లోపలికి పోయాయి. మెడచుట్టూ వెంట్రుకలు ఊడి పుండు పడింది. తోటలో కాపు ఉన్నన్నాళ్లూ ఎవరో గొలుసు వేసి కట్టేశారని, కాయలు లారీకెక్కాక విప్పి వదిలేశారని బంకు దగ్గర చెప్పుకున్నారు. ఆయన రొట్టెముక్క వేస్తే అది తినలేదు. నోట కరుచుకుని దూరంగా పోయి, నాలుగు వైపులా చూసి, గోడ చాటున తిన్నది. అట్లా పదిహేను రోజులు. పదహారో రోజు ఇంటిదాకా వెంట వచ్చింది.

మొదటి రోజే తప్పటడుగు

వచ్చిన రోజునే దానికి స్నానం చేయించబోయారు. మెడకు కొత్త గొలుసు కొన్నారు. వీధిలోని పిలకాయలంతా చూడవచ్చి చుట్టూ మూగారు. గొలుసు చప్పుడు వినగానే కుక్క బిగుసుకుపోయింది. తోక కాళ్ల మధ్యకు పోయింది. మెడ మీద చెయ్యి పడగానే ‘గర్ర్’మంది. "ఛీ, అన్నం పెట్టిన చేతినే కరస్తావా?" అని ఆయన కసిరారు. అంతే, పంచె అంచు చీలిపోయింది.

"ఆ పొద్దు నాకు రోషమొచ్చింది. కట్టె తీసుకున్నా. కట్టె చూడంగానే మంచం కిందికి పోయి ఉచ్చపోసుకుంది. అప్పుడు అర్థమైంది నాకు, ఇది పొగరు కాదు, భయం అని" అంటారాయన.

మర్నాడు పశువుల డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన మొదట అడిగింది కుక్క బుద్ధిని గురించి కాదు, ఒంటిని గురించి. మెడ పుండుకు మందు ఇచ్చారు. చెవుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడమన్నారు. నులిపురుగుల మందు, రేబిస్ టీకా వెంటనే వేయించమన్నారు. "నొప్పి ఉన్న జంతువు ముట్టుకుంటే కరుస్తుంది. పుండు మానకముందు మంచితనం నేర్పాలనుకోవడం వృథా" అన్నది ఆయన మాట. మెడకు గొలుసు మాని, ఛాతీ చుట్టూ వచ్చే మెత్తటి పట్టీ వాడమన్నారు. కాస్త కోలుకున్నాక పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించమని కూడా చెప్పారు.

ఇంకో మాట కూడా చెప్పారట. కొత్తచోటుకు వచ్చిన కుక్కకు బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి అర్థం కావడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు పడుతుందని కుక్కల్ని పెంచేవారు చెప్పుకునే ఒక లెక్క. కొన్నింటికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ లెక్కను పట్టించుకోకుండా మొదటి గంటలోనే స్నానం, గొలుసు, జనం... అన్నీ ఒకేసారి జరిగాయి.

ఎర్ర జెండా ఎప్పుడూ ఎర్ర జెండాయే!

అప్పటినుంచి ఇంట్లో ఒక కట్టుబాటు ఏర్పడింది. వసారాలో ఒక మూల గోనెసంచి పరిచారు. అది గార్డు చోటు. అక్కడ ఉన్నప్పుడు ఎవరూ దాన్ని తాకరాదు, పిలవరాదు. ఉదయం ఆరుకు, సాయంత్రం ఆరుకు బువ్వ. ఒకే గిన్నె. పిలిచే మాట కూడా ఒక్కటే. ఒకరు ‘రా’ అని, ఇంకొకరు ‘కమాన్’ అని, మరొకరు ఈల వేసి పిలవడం మానేశారు.

"ఒక రోజు ఎర్ర జెండా అంటే ఆగు అని, ఇంకో రోజు పో అని చెప్తే డ్రైవరు ఏం చేస్తాడు? బండి పడగొడతాడు. కుక్క కూడా అంతే. మనం మాట మార్చకుండా ఉంటేనే దానికి మన మీద గురి" అని పాయింట్స్‌మన్ పద్ధతిలో చెప్పారాయన.

తన పేరు నేర్పడానికి పట్టింది వారం. ‘గార్డు’ అనడం, అది తలతిప్పి చూడగానే ఉడికిన గుడ్డు ముక్క ఒకటి వేయడం. రోజుకు పదిసార్లు, ప్రతిసారీ రెండు నిమిషాలు. అంతకు మించితే దానికి విసుగు. ఆ పేరుతో ఎన్నడూ తిట్టలేదు, పేరు పెట్టి పిలిచి దండించలేదు. పేరు వినబడితే మంచే జరుగుతుందని దానికి నమ్మకం కుదిరింది.

ఇందులో కొత్త మంత్రమేమీ లేదు. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్నారు. కుక్కలతో ప్రయోగాలు చేస్తూ ఆయన ఒక సంగతి గమనించారు. అన్నం నోటికి అందకముందే, అన్నం రాబోతున్నదనే గుర్తు తెలిస్తే చాలు, కుక్కకు నోరూరుతుంది. మంచికి ముడిపడిన గుర్తు మంచిదవుతుంది, దెబ్బకు ముడిపడిన గుర్తు చెడ్డదవుతుంది. గార్డుకు గొలుసు, కట్టె, చీపురు దెబ్బలకు ముడిపడిన గుర్తులు. ఆ ముడి విప్పి కొత్త ముడి వేయాలి. దెబ్బతో పడిన ముడి దెబ్బతో ఊడదు.

పది అడుగుల నుంచి...

అన్నిటికన్నా కష్టమైంది అన్నం గిన్నె. ఆకలి చూసిన కుక్కకు గిన్నె దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ దొంగే. గిన్నె లాక్కుంటే ‘నేనే పెద్ద’ అని కుక్కకు తెలుస్తుందని కొందరు సలహా ఇచ్చారు. డాక్టరు వద్దన్నారు. లాక్కుంటే దాని భయం నిజమేనని మనమే రుజువు చేసినట్టవుతుంది.

అందుకు బదులు ఇలా చేశారు. గార్డు తింటున్నప్పుడు ఆయన పది అడుగుల దూరంలో నడుస్తూ పోయి, గిన్నె వైపు ఒక కోడిమాంసం ముక్క విసిరి, ఆగకుండా వెళ్లిపోయేవారు. అది తల ఎత్తకుండా, ఒళ్లు బిగించకుండా తింటే మర్నాడూ అంతే దూరం. నాలుగైదు రోజులు అలా కుదురుగా ఉంటే ఒక అడుగు దగ్గరికి. బిగుసుకుంటే రెండడుగులు వెనక్కి. కొన్నాళ్లకు ఆయన అడుగుల చప్పుడు వింటే గర్రుమనడం పోయి తోక ఊపడం మొదలైంది. మనిషి వస్తే తినేది పోతుందన్న భయం తగ్గి, మనిషి వస్తే ఇంకో ముక్క వస్తుందన్న ఆశ కలిగింది.

కట్టె సంగతీ అంతే. మొదట కట్టెను నేల మీద పడేసి దాని పక్కన బువ్వ పెట్టారు. తర్వాత కట్టెను గోడకు ఆనించారు. తర్వాత ఆయన కూర్చుని ఒళ్లో పెట్టుకున్నారు. కట్టె పట్టుకుని నిలబడటానికి ఏడు వారాలు పట్టింది. "చేతికర్ర లేకుండా మా వయసోళ్లు నడిచేదెట్లా? దానికి నేర్పేదాకా నేను గోడ పట్టుకునే నడిచినా" అన్నారాయన.

సైకిలు మాత్రం తలనొప్పి తెచ్చింది. వచ్చిన మూడో వారంలో పాలాయన సైకిలు వెంట పడితే ఆయన కిందపడ్డారు. పాలు నేలపాలయ్యాయి. పాల డబ్బు ఇచ్చి, చేతులు పట్టుకుని బతిమాలి పంపారు. ఆ తర్వాత తాడు లేకుండా వాకిలి దాటనివ్వలేదు. రోడ్డుకు చాలా దూరంలో కూర్చోబెట్టి, సైకిలు కనిపించగానే, అది మొరగకముందే, నోటికి ముక్క అందించడం. మొరిగిందంటే మనం మరీ దగ్గరగా ఉన్నట్టు లెక్క. తిట్టకుండా ఇంకాస్త వెనక్కి జరగడం.

దసరా సెలవుల్లో దెబ్బ

అంతా చక్కబడుతోందని అనుకుంటున్న వేళ దసరా సెలవులకు ఎనిమిదేళ్ల మనవరాలు వచ్చింది. రెండో రోజు సాయంత్రం కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పరుగెత్తుతూ, బువ్వ తింటున్న గార్డును దాటుకుని పోయింది. అది తిరిగి ఒక్క పోటు వేసింది. పిక్క మీద పన్ను గీరి నెత్తురు చుక్క కనిపించింది.

ఇంట్లో ఏడుపులు. అయినా పెద్దామె చేయాల్సిన పని చేసింది. పిల్లను కొళాయి కింద నిలబెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు గాయం కడిగింది. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి... ఎవరేం తెచ్చినా దగ్గరికి రానీయలేదు. అక్కడినుంచి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి. కుక్కకు టీకా వేయించామని చెప్పినా, నెత్తురు కనిపించింది కాబట్టి డాక్టర్లు గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందుతో పాటు టీకా మొదలుపెట్టారు. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. చివరి సూది పిల్ల తన ఊరికి పోయాక అక్కడ వేయించుకుంది. ఒక్కటి కూడా తప్పించలేదు. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలన్నారు. గార్డు ఆ పది రోజులూ మామూలుగానే తిన్నది, తాగింది.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. లక్షణాలు కనిపించకముందు వేయించుకుంటే టీకా ప్రాణం కాపాడుతుంది. 1885 జూలైలో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్ అనే బాలుడికి మొదటిసారి ఈ టీకా వేసి కాపాడిన నాటినుంచి ఈ సత్యం మారలేదు. ‘చిన్న గీరుడే కదా’ అని మంత్రం వేయించుకుని ఊరుకోవడం ప్రాణంతో చెలగాటం.

మర్నాడే వీధివారంతా వాకిట్లోకి వచ్చారు. వారి కోపంలో అన్యాయమేమీ లేదు. అందరి ఇళ్లలోనూ పిలకాయలు ఉన్నారు. "సొంత బిడ్డనే కరిచింది, మా బిడ్డల్ని వదులుతుందా?" అన్నారు. "గూడ్సు బండిలో ఎక్కించేయండి, ఏ ఊర్లోనో దిగుతుంది" అన్నారొకరు. పెద్దామె కూడా ఈసారి భర్త వైపు నిలబడలేదు. "నీకు కుక్క కావాల్నా, మనవరాలు కావాల్నా?" అని అడిగింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

తప్పు ఎవరిదని కాదు, యాడ జరిగిందని...

"రైల్వేలో ఏదన్నా జరిగితే ఎంక్వయిరీ వేస్తారు. ముందు చూసేది పాయింటు యాడుండింది, సిగ్నలు ఎట్లుండింది అని. తిట్లు తర్వాత. నేనూ ఆ రాత్రి కూర్చుని అట్లే ఆలోచన చేసినా" అన్నారాయన.

తేలిందేమిటంటే... గిన్నె పెట్టే చోటు వంటింటికి, పెరటి కొళాయికి మధ్య దారిలో ఉంది. పెద్దవాళ్లు ఇద్దరూ నెమ్మదిగా నడిచేవారు కాబట్టి అన్నాళ్లూ గొడవ రాలేదు. పరుగెత్తే పిల్ల ఆ ఇంట్లో కొత్త. పైగా ఆయన ఒక్కరికి అలవాటు పడినంత మాత్రాన కుక్క అందరికీ అలవాటు పడినట్టు కాదు. అది నేర్చుకున్నది ‘ఈ తాత వస్తే భయం లేదు’ అని మాత్రమే. ‘మనుషులు వస్తే భయం లేదు’ అని ఇంకా నేర్చుకోలేదు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. అంతకు ముందురోజు గార్డు గర్రుమంటే మనవరాలి ముందు చిన్నతనమై ఆయన గట్టిగా అదిలించారు. గర్రుమనడం కుక్క ఇచ్చే ఎర్ర దీపం. దాన్ని అదిలించి మాన్పిస్తే దీపం ఆర్పేసినట్టే, ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది. తర్వాత అది చెప్పకుండా కరుస్తుంది.

మర్నాడు ఆయన వీధివారి ముందు నాలుగు మాటలు ఒప్పుకున్నారు. బువ్వ పొద్దున గార్డును పెరటి వెనక గదిలో పెట్టి తలుపు వేస్తారు. తాడు లేకుండా వీధిలోకి రానివ్వరు. వీధిలోకి తెచ్చినప్పుడు మూతికి చిక్కం వేస్తారు. మూడు నెలల్లో మారకపోతే డాక్టరు ఏం చెబితే అది చేస్తారు. ‘సరే, సంక్రాంతి దాకా చూస్తాం’ అని వీధివారు ఒప్పుకున్నారు.

నూర్పిడిలో ఎద్దులకు చిక్కం వేయడం మన రైతులకు తెలిసిందే. కుక్కలకూ బుట్టలాంటి చిక్కాలు దొరుకుతాయి. నోరు తెరిచి వగర్చడానికి, నీళ్లు తాగడానికి వీలుండాలి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. వగర్చే వేడి తగ్గించుకుంటుంది. కాబట్టి మూతిని గుడ్డతోనో తాడుతోనో బిగించి కట్టరాదు. ఆ చిక్కాన్ని కూడా వీరు బలవంతంగా వేయలేదు. లోపల పెరుగన్నం పూసి, దానంతటదే మూతి పెట్టేదాకా ఆగారు. అందుకు పన్నెండు రోజులు పట్టింది.

దీపావళి, సంక్రాంతి...

దీపావళి రాత్రి మరో పరీక్ష. మనిషి చెవికి అందని సన్నటి ధ్వనులు కూడా కుక్కకు వినిపిస్తాయి. టపాకాయ చప్పుడు దానికి పిడుగే. ముందుగానే సాయంత్రం నాలుగుకు తిప్పుకొచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి, రేడియో పెట్టి, పక్కనే పెద్దామె కూర్చుంది. అడిగిన ప్రశ్న అడిగినట్టే ఉండగా ఆమె అక్కడ కూర్చోవడమే గార్డు ఇంట్లో నిలిచిందనడానికి గుర్తు. "వణుకుతా ఉండింది పాపం. నా చీర కొంగు మీద తల పెట్టుకుంది. అప్పటిదాకా నేను దాన్ని తాకింది లేదు" అన్నది ఆమె.

ఆ తర్వాత వీధిలోని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు కూడా చెయ్యి కలిపారు. పోతూ వస్తూ ప్రహరీ అవతలి నుంచి ఒక్కో ముక్క వేసేవారు. దగ్గరికి రమ్మని పిలవరు, కళ్లలోకి చూడరు. కిందపడ్డ పాలాయనే సైకిలు స్టాండు వేసి, దూరం నుంచి ముక్క విసిరి పోయేవారు. సంక్రాంతి నాటికి గార్డు నలుగురైదుగురిని చూసి తోక ఊపింది. ఎవరినీ కరవలేదు. ఇచ్చిన గడువు గురించి వీధిలో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అలాగని అంతా మారిపోయిందనుకోవద్దు. కదిలే సైకిలంటే గార్డుకు ఈనాటికీ పడదు. కొత్త మగమనిషి టోపీ పెట్టుకుని వస్తే మూలకు పోయి కూర్చుంటుంది. వీధిలోకి పోతే తాడు, చిక్కం తప్పవు. బువ్వ పొద్దున తలుపు వేయడం ఒక్కరోజు కూడా మానలేదు. మారినది కుక్క ఒక్కటే కాదు, ఇంటి పద్ధతి కూడా మారింది.

కొడితే ఏమవుతుంది?

కొట్టి నేర్పిన కుక్కలు మాట వినవా అని అడిగేవారున్నారు. వింటాయి, కొట్టేవాడు ఎదురుగా ఉన్నంతసేపు. అతను పక్కకు పోగానే ఆ భయం చిన్నపిల్లల మీదో, ముసలివారి మీదో బయటపడుతుంది. ఇంట్లో ఉచ్చపోసిన చోట ముక్కు రాయడం, కారం చల్లడం, పగలంతా కట్టేయడం... ఇవన్నీ కుక్కకు నేర్పేది ఒక్కటే, మనిషిని నమ్మరాదని.

నన్నయ భారతం ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉంది. జనమేజయుడి యజ్ఞశాలకు వచ్చిన కుక్కపిల్లను ఆయన తమ్ముళ్లు ఊరికే కొడతారు. దాని తల్లి సరమ రాజు ముందుకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టించావని నిలదీస్తుంది. రాజు దగ్గర జవాబుండదు. అంత పెద్ద గ్రంథం ఒక కుక్క అడిగిన న్యాయంతో మొదలుకావడం మనవాళ్లు ఆలోచించవలసిన విషయం.

చట్టం కూడా ఊరుకోదు. కుక్కను ఎప్పుడూ కట్టేసి ఉంచి తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. పెంపుడు జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్త పడకపోవడం భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద నేరం. అంటే కుక్క పట్లా, ఇరుగుపొరుగు పట్లా... రెండు వైపులా పెంచేవారికి బాధ్యత ఉంది. వీధికుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులోనూ, వీధికుక్కను దత్తత తీసుకున్నవారు అది మళ్లీ వీధిన పడకుండా చూసుకోవాలని ఉంది. గూడ్సు బండిలో ఎక్కించి పంపితే మన ఊరి ప్రమాదాన్ని ఇంకో ఊరికి పంపినట్టే.

పిల్లలకు చెప్పండి

తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క దగ్గరికి పోరాదు. కౌగిలించుకోరాదు, ముఖంలో ముఖం పెట్టరాదు. తోక కాళ్ల మధ్య పెట్టుకుని, చెవులు వెనక్కి వాల్చి, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తూ బిగుసుకుపోయిన కుక్క ‘నన్ను వదిలేయ్’ అంటోందని అర్థం. తెలియని కుక్క మీదికి వస్తే పరుగెత్తరాదు. చేతులు ఒంటికి ఆనించి, దాని కళ్లలోకి చూడకుండా చెట్టులా కదలకుండా నిలబడాలి. కరిచినా, గీరినా దాచకుండా ఇంట్లో చెప్పాలి. తిడతారని పిల్లలు దాచుకుంటారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ‘చెబితే తిట్టను’ అని పెద్దలు ముందుగానే మాట ఇవ్వాలి.

తిండి విషయంలోనూ జాగ్రత్త అవసరం. సంగటి, పెరుగన్నం, ఉడికిన గుడ్డు పెట్టవచ్చు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషంతో సమానం. ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించాలి. కుక్కకాటు రేబిస్‌తో మనుషులు చనిపోవడాన్ని 2030 నాటికి లేకుండా చేయాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. అది మన వాకిటి కుక్కకు వేయించే టీకాతోనే మొదలవుతుంది.

ఎంత చేసినా మారని కుక్కలూ కొన్ని ఉంటాయి. లోతుగా, మళ్లీ మళ్లీ కరిచే కుక్క ఇంట్లో ఉంటే సొంత వైద్యం వద్దు. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కూడా అక్కడే. రేణిగుంట వారికి పెద్ద దూరమేమీ కాదు. అడగడానికి మొహమాటపడి ఆలస్యం చేయవద్దు.

ఎండాకాలం సెలవులకు మనవరాలు మళ్లీ వచ్చింది. పిక్క మీద సన్నటి మచ్చ ఇంకా కనిపిస్తుంది. ఈసారి పరుగెత్తలేదు. తాత చెప్పినట్టు వసారా ఈ చివర కూర్చుని, దూరం నుంచి రోజూ గుడ్డు ముక్కలు వేసింది. తొమ్మిదో రోజున గార్డు తనంతట తానే లేచి వచ్చి, పాపకు రెండడుగుల దూరంలో కూలబడిందట. ‘తాకేదా తాతా?’ అని అడిగితే, ‘ఈ పొద్దుకు ఇది చాల్లేమ్మా’ అన్నారట ఆయన.

ఆ మాట చెబుతూనే ఆయన గోడ గడియారం వైపు చూశారు. ఆరు కావస్తోంది. గార్డు అప్పటికే లేచి వెనక గది తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఉండు నాయనా, దానికి బువ్వ పొద్దయింది. టైము తప్పితే బాగుండదు" అని మాట మధ్యలో ఆపి ఆయన లేచారు.